పశ్చాత్తాపానికి మార్కులు

నేరారోపణ ఎదుర్కొంటున్న పిల్లల్లో సైకోపతీ లక్షణాలను, అంటే జాలీ పశ్చాత్తాపమూ లోపించడం, ఎదుటివారిని వాడుకోవడం, ముందువెనుకలు చూడకపోవడం వంటి స్వభావాలను, అన్ని జాతుల వారికీ ఒకే కొలబద్దతో కొలవవచ్చునా అన్నది కోల్‌కతాలో ఒక గణాంక శాస్త్రవేత్తకూ మనస్తత్వ నిపుణురాలికీ మధ్య సాగినట్లు ఊహించదగిన వాదం.

ఆమె ముందుగా ఫోర్త్, కాసన్, హేర్ 2003లో వెలువరించిన యువతర సైకోపతీ చెక్‌లిస్టును ప్రస్తావించారు. 12 నుంచి 18 ఏళ్ల వారికి ఉద్దేశించిన ఈ సాధనంలో, ఇంటర్వ్యూనూ దస్త్రాలనూ ఆధారం చేసుకుని, 20 అంశాలకు 0, 1, 2 చొప్పున వేసి 40కి మొత్తం కడతారు.

“2006లో మెక్‌కాయ్, ఈడెన్స్ అనేక అధ్యయనాలను కలిపి లెక్కిస్తే నల్లజాతి పిల్లలకు తెల్లవారికన్నా సగటున ఒకటిన్నర మార్కే ఎక్కువ వచ్చింది. దానికింత రాద్ధాంతం ఎందుకండీ?”

“తేడా సున్నా అయినా చిక్కు తీరదు” అన్నారాయన. కొలత సమానత అంటే సగటులు కలవడం కాదనీ, లోపలి స్వభావం ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు పిల్లలు ఏ సమూహం వారైనా ప్రతి అంశంలోనూ ఏ మార్కు పొందే అవకాశమైనా ఇద్దరికీ సమానంగా ఉండడమనీ వివరించి, 1922లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల ఎత్తులను విశ్లేషించినప్పుడు ఈ బెడద లేదనీ, ఎవరి ఒంటిమీదైనా అంగుళం అంగుళమేననీ అన్నారు. “పశ్చాత్తాపానికి అంగుళం ఏది? పురూలియా శబర కుర్రవాడు అధికారి ముందు తలవంచుకుని పలకకుండా కూర్చుంటే 0 వేస్తారా, 2 వేస్తారా? తన తెగకు చెందిన బుధన్ శబర్ 1998లో పోలీసు నిర్బంధంలో చనిపోయిన సంగతి ఎరిగిన మౌనం కావచ్చు అది.”

శిక్షణ పొందినవారు మౌనాన్ని ఒక్కదాన్నే పట్టుకోరనీ, దస్త్రాలతో సరిచూసుకుంటారనీ ఆమె జవాబిచ్చారు. ఆమె వాదంలో బలహీనమైన చోటు ఇదే. 1871లో వచ్చి 1952లో రద్దయిన నేరస్థ తెగల చట్టం కింద బెంగాల్‌లోని లోధా తెగవారే కాదు, 1913లో ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్‌మెంటులోని ఎరుకలవారు కూడా పుట్టుకతోనే అనుమానితులు. చట్టం పోయినా అలవాటు పోలేదు కనుక, చిన్ననాటి దుష్ప్రవర్తనకూ నేరచరిత్రకూ పడే మార్కు కొంత పిల్లవాడి నడతకు పడుతుంది, కొంత ఠాణా చూపుకు పడుతుంది.

“2015 బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఘోర నేరారోపణ ఉన్న 16 ఏళ్లు నిండినవారి మదింపుకు బోర్డు మానసిక నిపుణుల సాయం తీసుకోవచ్చు కదా?”

“ఆ సెక్షన్ అడిగేది నేరం చేయగల సామర్థ్యాన్ని, పర్యవసానాలు గ్రహించే శక్తిని, జరిగిన పరిస్థితులను, స్వభావానికి మార్కు అడగలేదు. పైగా ప్రత్యేక సందర్భాల్లో తప్ప పిల్లల పాత దస్త్రాలు చెరిపేయాలని అదే చట్టం అంటుంది. మీ చెక్‌లిస్టుకు మేత ఆ దస్త్రాలే.”

దస్త్రాలపై ఆధారపడే అంశాలను తీసేసి మిగిలినవే కొలిస్తే ఎలా ఉంటుందని ఆమె అడిగారు. అలాగైతే ఒక్కో తెగ పిల్లల మీదా, వారి మాటలోనే, విడివిడిగా పరీక్షించి చూడాలన్నారాయన. లెక్క తేలడానికి చాలినంతమంది శబర పిల్లలు హోముల్లో దొరకాలంటే ముందు అంతమందినీ అరెస్టు చేసి ఉండాలని ఆమే అన్నారు.