లంగరు వేసినవాని హక్కు ఎంతవరకు?



రైలు పెట్టెలో కిటికీ ప్రక్కన తువాలు పరచి, క్రిందికి దిగి తీరికగా టీ త్రాగి వచ్చేవారిని మనమందరము చూచియున్నాము. "మేము ముందు వచ్చాము, ఇది మా చోటు" అంటారు. తరువాత వచ్చినవాడు నిలువబడి, "నేనూ డబ్బు పెట్టే గదా ఎక్కాను" అంటాడు. ఇద్దరి మాటలోను కొంత న్యాయమున్నది. ముందుగా వచ్చినంత మాత్రాన మనిషికి నిజముగా ఏ హక్కు కలుగుతుంది? ఈ ప్రశ్నను రైలులో విచారించుట కష్టము. అక్కడ కోపము త్వరగా వస్తుంది. గనుక మనకు బహు దూరమైన ఒక సముద్రములో, చేపలు పట్టే చిన్న పడవల మధ్య దీనిని విచారించి చూద్దాము. అక్కడ ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకొంటే ప్రాణాలే పోతాయి.

అమెరికా దేశమునకు చెందిన అలాస్కాలో హోమర్ అనే చిన్న పట్టణమున్నది. దాని యెదుటనున్న కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయలో, వేసవి కాలమున అనేకులు హాలిబట్ అనే చేప కొరకు చిన్న పడవల మీద వెళ్తారు. హాలిబట్ బల్లపరుపుగా ఉండే చేప. దాని రెండు కండ్లును ఒకే ప్రక్కన ఉంటాయి. సముద్రపు అడుగున పడుకొనియుండి, ఎర వాసన పట్టుకొని వస్తుంది. 1996లో అలాస్కాలోని డచ్ హార్బర్ దగ్గర గాలానికి చిక్కిన ఒక హాలిబట్ 459 పౌండ్లు, అనగా 208 కిలోలు తూగింది. ఈ చేప సంతతిని కాపాడుటకు అమెరికా, కెనడా దేశాలు 1923లోనే ఒప్పందము చేసికొని ఉమ్మడి కమిషన్‌ను ఏర్పరచుకొన్నాయి.

ఎర వాసన నీటి ప్రవాహము వెంట దూరముగా సాగిపోతుంది. పడవ ఒకే చోట నిలిచియుంటే, చేప ఆ వాసన వెంట ప్రవాహమునకు ఎదురీది వస్తుంది. అందుచేతనే లంగరు వేస్తారు. అయితే ఆ పాయలో పోటు, పాటు మిక్కిలి బలమైనవి. హోమర్ దగ్గర నీటిమట్టము పోటుకు పాటుకు మధ్య 7 మీటర్లకు మించి మారే రోజులున్నాయి. సుమారు ఆరు గంటలకొకసారి ప్రవాహము తిరిగి వెనుకకు పారుతుంది. అట్టి నీటిలో లంగరు వేయుట పిల్లలాట కాదు.

మొదటి నియమము: లంగరు త్రాడును అనివికే, అనగా పడవ ముందు కొనకే కట్టవలెను. అమరమునకు, అనగా వెనుక కొనకు కట్టరాదు. వెనుకభాగము ఎత్తు తక్కువ. మోటారు బరువు కూడ అక్కడనే ఉంటుంది. అక్కడ కట్టితే ప్రవాహము ఆ కొనను క్రిందికి లాగి, నీరు లోపలికి దూకి, క్షణాలలో పడవ మునుగుతుంది. లంగరు ఎత్తేటప్పుడు త్రాడు మోటారు రెక్కకు చుట్టుకొన్నను ఇదే ప్రమాదము. ఆ చల్లని నీటిలో పడినవాని చేతులు కొద్ది నిమిషాలలోనే పట్టు తప్పుతాయి. ఇక్కడ మనలో కొందరు, "అపొస్తలుల కార్యములలో పౌలు ఎక్కిన ఓడవారు అమరములోనుండియే నాలుగు లంగరులు వేశారు గదా" అని అడుగవచ్చును. నిజమే. అది వందల మంది ఎక్కిన పెద్ద ఓడ. రాత్రివేళ రాళ్ల మీద పడకుండ దానిని ఆపుటకు ఆపత్కాలమందు చేసిన పని. అయిదారుగురు కూర్చుండే పడవకు అది మాదిరి కాదు.

రెండవ నియమము: లోతు కంటె త్రాడు చాల ఎక్కువ వదలవలెను. త్రాడు నిట్టనిలువుగా ఉంటే లంగరు ఊడి వస్తుంది. ఏటవాలుగా ఉంటేనే అడుగున పట్టుకొంటుంది. లంగరుకు కొంత గొలుసు కట్టేది కూడ అందుకే. లోతు 40 మీటర్లయితే, తక్కువలో తక్కువ మూడింతలు, అనగా 120 మీటర్ల త్రాడు వదలినారనుకొందాము. అప్పుడు పడవ తన లంగరుకు 110 మీటర్లకు పైగా దూరములో నిలుస్తుంది. ప్రవాహము తిరిగినప్పుడు అదే పడవ లంగరుకు ఆవలి ప్రక్కకు పోతుంది. అనగా అది ఆక్రమించినది తానున్న చోటు మాత్రమే కాదు, ఇంచుమించు 220 మీటర్ల అడ్డుకొలత గల ఒక వలయము. ఆ వలయము కంటికి కనబడదు. క్రొత్తగా వచ్చినవాడు, "ఇంత నీరు ఖాళీగా ఉన్నదే" అని దానిలో లంగరు వేస్తే, పాటు తిరిగిన గంటలో రెండు పడవలు ఢీకొంటాయి, లేదా రెండు త్రాళ్లు పెనవేసుకొంటాయి.

అందుచేత పడవవారిలో ఒక వాడుక ఉన్నది. తరువాత వచ్చినవాడు నెమ్మదిగా రావలెను, ముందున్నవాని పడవ ఎటు తిరిగియున్నదో చూడవలెను, "నీ లంగరు ఎక్కడ పడినది, త్రాడు ఎంత వదలినావు?" అని అడిగి, వలయము తప్పించి దూరముగా లంగరు వేయవలెను. ఇది మంచి వాడుకయే. గాని న్యాయమైనదేనా? సముద్రమును ఎవరును కొనలేదు. ముందు వచ్చినవాడు ఎక్కువ శక్తి గల మోటారు ఉన్నందున ముందు వచ్చియుండవచ్చును, లేదా అతని ఇల్లు రేవుకు దగ్గర కావచ్చును. తెల్లవారుజామున బయలుదేరలేని బీదవాడు ఎల్లప్పుడును ఆ 220 మీటర్ల వెలుపలనే ఉండవలెనా?

మేము దీనిని ఆలోచించి యొక నిశ్చయమునకు వచ్చినాము. లంగరు వేసినవాని హక్కు సొంతదారుని హక్కు కాదు, కదలలేనివాని హక్కు. అతడు అడుగునకు కట్టబడియున్నాడు. మీదికి వచ్చే పడవను వెంటనే తప్పించుకొనలేడు. క్రొత్తగా వచ్చినవాడు ఇంకను కదలగలడు. కదలగలిగినవాడు కదలలేనివానికి చోటు విడువవలెను. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాలలోను ఈ న్యాయమే కొంత కనబడుతుంది. లంగరు వేసిన ఓడ పగలు నల్లని బంతి గుర్తును, రాత్రి అన్ని దిక్కులకు కనబడే తెల్లని దీపమును చూపవలెను. కాలువవంటి ఇరుకు దారిలోనో, ఓడలు లంగరు వేసే రేవులోనో, వాటి దగ్గరనో, ఇతర ఓడలు సాధారణముగా తిరిగే చోటనో లేని 7 మీటర్లకు లోపు పడవలకు మాత్రము ఈ నిబంధన లేదు. "నేను కదలలేను, చూచుకొని రండి" అని చెప్పుటయే ఆ గుర్తు అర్థము. "ఇది నాది" అని దాని అర్థము కాదు.

ఇట్లు తలంచినయెడల ముందు వచ్చినవానికి హక్కుతోపాటు బాధ్యతలును కలుగుతాయి. క్షేమమునకు కావలసినంత త్రాడు వదలవచ్చును గాని, ఇతరులను దూరముంచుటకు అదనముగా వదలరాదు. ఇరుకు దారిలో లంగరు వేయరాదు. అడిగినవానికి తన లంగరు ఎక్కడున్నదో నిజము చెప్పవలెను. లంగరు ఎత్తిన క్షణముననే అతని హక్కు తీరిపోతుంది. "నిన్న ఇక్కడ నేను పట్టాను" అనుట చెల్లదు.

ఇంతకంటె చిక్కైన సంగతి ఒకటున్నది. ఒకడు వలయమునకు వెలుపలనే, గాని ప్రవాహము పోయే దిక్కున, మొదటివాని వెనుక సరిగా లంగరు వేశాడనుకొందాము. మొదటివాడు రెండు గంటలు ఎర దించి వాసన పంపినాడు. దాని వెంట ఎదురీది వచ్చే చేప ముందుగా రెండవవాని గాలమునే చేరుతుంది. ఇందులో ఏ త్రాడును పెనవేసుకొనలేదు, ఏ ప్రాణమునకు అపాయము లేదు. నియమ పుస్తకము దీనిని గూర్చి ఏమియు చెప్పదు. అయినను అతడు చేసినది సరియని మా మనస్సాక్షి ఒప్పుకొనదు. వాసన ఎవరి ఆస్తియు కాదు. గాని దాని వెనుకనున్న ప్రయాస ఒకనిది. ఆ ప్రయాసను అడుగకుండ అనుభవించుట మర్యాద కాదు. అడిగితే మొదటివాడు, "కొంచెము ప్రక్కకు వేయుము, ఇద్దరికీ దొరుకుతుంది" అని అనవచ్చును. అనకపోవచ్చును కూడ. అప్పుడు అడిగినవాడు వేరొక చోటు చూచుకొనుట మేలు. ఒక్క చేప నష్టమైనను, తోటివాని యెదుట తల దించుకొనే పని ఉండదు.

పెద్ద హాలిబట్ గాలానికి తగిలినప్పుడు, లంగరు త్రాడును తేలెడు బుంగకు కట్టి నీటిలో విడిచి, పడవవారు చేపతోపాటు కొట్టుకొనిపోతారు. అప్పుడు ప్రక్క పడవవారు తమ గాలాలు పైకి లాగి దారి ఇస్తారు. ఆ బుంగ తేలుచుండగా, ఖాళీగా కనబడే ఆ చోటును మరియొకడు ఆక్రమించరాదు. అతని లంగరు ఇంకను అడుగుననే ఉన్నది. అతడు తిరిగి వచ్చి దానిని పట్టుకొనవలసియున్నది.

సొంత ఊరు విడిచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారికి ఈ సంగతి కొత్త కాదు. ఒకప్పుడు మన పెద్దలు చోటు అడిగి నిలిచినవారు. నేడు మన తరువాత వచ్చేవారు మనలను అడుగుచున్నారు. మన త్రాడు ఎంత వదలినామో వారికి నిజముగా చెప్పుచున్నామా?

చివరకు ఒక మాట. అనుభవజ్ఞులైన పడవవారు అనివి దగ్గర పదునైన కత్తి ఒకటి ఉంచుకొంటారు. ప్రవాహము మించి, పడవ ముందు కొన నీటిలోనికి దిగుచుండగా, "లంగరు ఖరీదైనది, చోటు మంచిది" అని తడవు చేయకుండ త్రాడు కోసివేయుటకు అది ఉంటుంది. ఆ చోటు ఎన్నడును తనది కాదని ముందుగానే తెలిసియున్నవాడు వెంటనే కోయగలడు. తనదని నమ్మినవాడు ఆలస్యము చేస్తాడు.