లోపజ్ఞానమును కళాసాధనయును



హైదరాబాదునందు జూబ్లీహిల్స్ గుట్టలమీదను, ఫిలింనగరు వీథులలోను, ఆ సమీపమున నున్న కృష్ణానగరపు ఇఱుకుగదులలోను నటులము కావలెనని వచ్చిన యువజనులెందఱో కాలము గడుపుచున్నారు. "అన్నిటికిని అదృష్టముండవలెనండీ" యను మాట వారి నోట తఱచుగా వినబడును. విద్యావంతులమైన మనమును "కళ పూర్వజన్మసుకృత"మని తలయూచుచుందుము. ఈ మాట వినయమువలె దోచును గాని, మా యభిప్రాయమున నిది సోమరితనమునకు దొడిగిన కాషాయవస్త్రము.

చిత్రనిర్మాణము కొబ్బరికాయతో నారంభమై గుమ్మడికాయతో ముగియుట అచటి యాచారము. దానిని నిందింప మేము పూనుకొనలేదు. ఆ రెండుకాయల నడుమ నేమి జరుగునో యదియే మాకు గావలసినది.

అక్కినేని నాగేశ్వరరావుగారి చరిత్రమును జూడుడు. వారు 1924లో కృష్ణాజిల్లా రామాపురమున వ్యవసాయకుటుంబమునందు జన్మించిరి. బడిచదువు ప్రాథమికతరగతులతోనే ముగిసెను. కులస్త్రీలు రంగస్థలమెక్కుట తప్పుగా నెంచబడిన దినములవి. అది మన సంఘమున కపకీర్తియే. ఆ దినములలో నీ బాలుడు నాటకములయందు స్త్రీవేషములు ధరించెను. స్త్రీ నడకయు చూపును మాటయు నేర్వవలెనన్న, తనయందు లేనిదానిని ఇతరులయందు శ్రద్ధతో గనిపెట్టవలెను గదా! 1944లో శ్రీ సీతారామ జననమున రాముడైనప్పుడు, కష్టపడి నేర్చినదానినే కొంత మఱవక తీఱదు. నేర్చుటకన్న నిది కష్టతరము.

పౌరాణికపాత్రలకు దగిన నిండువిగ్రహము నందమూరి తారక రామారావుగారికి గలదనియు, తనకు లేదనియు ఆయన దాపఱికము లేక చెప్పుకొనెడివారు. 1953లో దేవదాసు వారికి గొప్ప కీర్తి దెచ్చెను. ఆ మీదట దుఃఖనాయకుడుగానే నిలిచిపోవుట సులభము, లాభకరము గూడ. అయినను 1955లో మిస్సమ్మయందు నాయకపాత్ర రామారావుగారిది కాగా, ఈయన హాస్యగాడైన డిటెక్టివు రాజు వేషమును గట్టిరి. కీర్తి వచ్చిన పిమ్మట నవ్వులపాలగుటకు సిద్ధపడువారు మనలో నెందఱు?

ఇక నొక చిక్కుప్రశ్న కలదు. నాగేశ్వరరావుగారు తాము నాస్తికులమని బహిరంగముగనే చెప్పుకొనిరి. అయినను 1954లో విప్రనారాయణుడై, 1973లో తుకారాముడై భక్తులచేత గన్నీరు పెట్టించిరి. ఇది కపటము కాదా యని మీలో గొందఱడుగవచ్చును. కాదనియే మేము తలచుచున్నాము. బాల్యమున స్త్రీహృదయము నెదుట నిలిచినట్లే, తనకు లేని భక్తి నెదుటను ఆయన శిష్యుడై నిలిచి, అది యెట్టిదో కనిపెట్టెను. తనకు సర్వము తెలియునని తలచువాని కిది సాధ్యముగాదు. నిత్యము ప్రార్థనకు గూర్చుండియు, ప్రక్కనున్నవాని హృదయమును గనిపెట్టలేని మనము, ఆయనకు దీర్పు చెప్పబోవుటకుముందు కొంచె మాగుట మంచిది.

మద్రాసునుండి హైదరాబాదునకు వచ్చి, 1975లో బండలు నిండిన నేలమీద అన్నపూర్ణా స్టూడియోను స్థాపించిరి. ఆ యావరణముననే 2011లో చలనచిత్రవిద్యాలయ మొకటి వెలసెను. అదృష్టమే యంతయు నైనచో నిట్టి పాఠశాల యెందులకు?

2013లో తనకు పుట్టకుఱుపు సోకినదని ఆయనయే ప్రజలకు దెలిపిరి. అప్పటికి మనం చిత్రము పూర్తికాలేదు. తన మాటలను వేఱొకరిచే బలికింప నొల్లక, రోగశయ్యయందుండియే తానే చెప్పి ముగించిరి. 2014 జనవరి 22న దివంగతులైరి. ఆ మే నెలలో చిత్రము విడుదలయ్యెను. అందు వినబడునది ఆయన స్వరమే.