గేటు తిప్పే చెయ్యి

ఒక పిట్ట ఇసుకలో గుంట చేసి గుడ్లు పెట్టింది. వరదొచ్చి అవి కొట్టుకుపోయాయి. తప్పెవరిది? ఎవరిదీ కాదు, నది అంతే. ఇప్పుడు చిన్న మార్పు చేద్దాం. వరద రాలేదు. ఎగువన డ్యామ్‌లోంచి ఎవరో నీళ్లు వదిలారు. గుడ్లు అలాగే పోయాయి. పోవడంలో తేడా లేదు, కానీ ఇప్పుడు "ఎందుకు వదిలావ్?" అని అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

అమెరికాలో మిసోరి నది మీద ఈ ప్రశ్న నిజంగానే అడిగారు, కోర్టుల్లో కూడా. ఆ నది మీద ఆరు పెద్ద డ్యాములున్నాయి. అన్నీ కలిపితే మూడు వేల టీఎంసీలకు పైగా పడతాయి, అంటే మన శ్రీశైలం కట్టినప్పటి సామర్థ్యానికి పదింతలు. నడిపేది సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగం. అన్నిటికంటే దిగువన ఉన్న డ్యామ్ పేరు గావిన్స్ పాయింట్. దాని కింద నదిలోని ఇసుక తిన్నెల మీద లీస్ట్ టెర్న్, పైపింగ్ ప్లవర్ అనే రెండు చిన్న పిట్టలు గుడ్లు పెడతాయి. టెర్న్ యాభై గ్రాములు కూడా తూగదు. 1985లో దాన్నీ, ఆ మరుసటి ఏడాది ప్లవర్‌నీ రక్షిత జాతుల జాబితాలో చేర్చారు.

డ్యాములకి ముందు నదికో లయ ఉండేది. వసంతంలో మైదానాల మంచు కరిగి ఒకసారి పొంగేది, జూన్‌లో రాకీ పర్వతాల మంచు కరిగి ఇంకోసారి. ఆ పొంగు తిన్నెల మీది పిచ్చిమొక్కల్ని ఊడ్చేసి, కొత్త ఇసుక పోసి వెళ్లేది. ఆ తర్వాత వేసవంతా నీళ్లు తగ్గుతూ పోయేవి. బయటపడ్డ ఇసుక మీద గుడ్లు పెడితే పిల్లలు ఎగిరేదాకా భయం లేదన్నది ఆ పిట్టల ఒంట్లో ఇంకిపోయిన లెక్క. డ్యాములు ఆ లెక్కని తలకిందులు చేశాయి. పొంగుని జలాశయాలు మింగేస్తాయి. నడివేసవిలో ఉపనదులు చిక్కిపోతే, దిగువన సరుకు పడవలు తేలడం కోసం నీళ్లు పెంచి వదులుతారు. పిట్ట ఎప్పట్లాగే నీళ్ల పక్కన గుడ్లు పెడుతుంది, సరిగ్గా అప్పుడే నీళ్లు పెరుగుతాయి.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం వింతగా ఉంటుంది. పిట్టలు గుడ్లు పెట్టే రోజుల్లో, అవసరం లేకపోయినా, ముందుగానే ఎక్కువ నీళ్లు వదులుతారు. లేదా రెండ్రోజులు తగ్గించి మూడో రోజు పెంచుతారు. కింది ఇసుక తడుస్తూ ఉంటే పిట్టలు ఇంకాస్త ఎత్తుకి వెళ్లి గుడ్లు పెడతాయని. అంటే నది చేత పిట్టకి ఒక అబద్ధం చెప్పించడం, దాని మేలు కోరే. ప్రకృతితో ఇన్ని ఆటలేంటి, దాని మానాన దాన్ని వదిలేయొచ్చు కదా అనేవాళ్లుంటారు. దాని మానాన అనేది అక్కడ మిగల్లేదు. డ్యామ్ కట్టాక నీళ్లు వదలడం ఎంత నిర్ణయమో, వదలకపోవడమూ అంతే నిర్ణయం. మొదటి అబద్ధం డ్యామ్‌దే కాబట్టి, రెండోదాన్ని నేను తప్పు పట్టను.

2003 వేసవిలో వాషింగ్టన్‌లో ఒక ఫెడరల్ జడ్జి, పిట్టల కోసం నీళ్లు తగ్గించమని ఇంజనీర్లని ఆదేశించింది. పడవలకి నీళ్లివ్వాలని నెబ్రాస్కా కోర్టు ఆదేశం ఉంది, కుదరదన్నారు వాళ్లు. ఆమె కోర్టు ధిక్కారం కింద రోజుకి ఐదు లక్షల డాలర్ల జరిమానా అంది. కేసు ఇంకో కోర్టుకి మారి, చివరికి ఆగస్టులో కొద్ది రోజులు నీళ్లు తగ్గించారు. వినడానికి ఒకవైపు పిట్ట, ఒకవైపు పడవ. అంత సులువైతే బావుండేది.

2011 చూడండి. కొండల మీద భారీ మంచు, దానికి తోడు మోంటానాలో కుండపోత వానలు. గావిన్స్ పాయింట్ నుంచి 1,60,000 క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. అంతకు ముందున్న రికార్డుకి రెండింతలకు మించి. దిగువన ఇళ్లు, పొలాలు వారాల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తీశాక నదిలో ఏళ్లుగా లేనన్ని కొత్త తిన్నెలు, తెల్లగా, గడ్డిపోచ లేకుండా! పిట్టలకి అంతకంటే ఏం కావాలి? వాటి బతుకుకి ఆధారమైన వరద ఒకరి ఇల్లు ముంచే వరద కూడా. పిట్టల కోసం ఇంకో 2011 తెప్పిద్దామని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అందుకే నది చేసే పనిని యంత్రాలతో చేయిస్తున్నారు. ఇసుక తోడి, నది మధ్యలో కుప్ప పోస్తున్నారు. ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు డ్యామ్ ధరలో భాగమే, బిల్లు ఆలస్యంగా వచ్చిందంతే.

దిగువ రైతులకి ఇది రుచించదు. పిట్టల కోసం, చేపల కోసం నది నిర్వహణ మార్చడం వల్లే మా పొలాలు మునుగుతున్నాయని ప్రభుత్వం మీద కేసు వేశారు. 2018లో కోర్టు చాలావరకు వాళ్లతో ఏకీభవించింది. 2007 మొదలు ఐదేళ్ల వరదల్లో ప్రభుత్వం చేతుందని చెప్పింది. 2011 మాత్రం ఆ ఐదింట్లో లేదు! నాకు ఆ తీర్పులో అన్యాయం కనపడలేదు. పిట్టని కాపాడటం అందరి బాధ్యత అయితే, దాని నష్టం నది ఒడ్డున పొలం ఉన్నవాడి ఒక్కడి మీదే పడకూడదు.

అయితే ఈ పిట్టా-రైతా తగాదా వింటుంటే అంతకు ముందు మునిగినవాళ్లు మన చెవిన పడరు. ఎగువన గ్యారిసన్ డ్యామ్ కోసం మాండాన్, హిడాట్సా, అరికరా తెగల భూమి లక్షన్నర ఎకరాలు తీసుకున్నారు. 1948లో ఒప్పందం మీద సంతకాలప్పుడు తీసిన ఫొటో ఒకటుంది. చుట్టూ సూట్లలో అధికారులు, పక్కన తెగల ప్రతినిధి జార్జ్ జిలెట్ ఒక చేత్తో మొహం కప్పుకుని ఏడుస్తూ. నది ఒడ్డున వాళ్ల ఊరు ఎల్బోవుడ్స్ జలాశయం అడుగుకి పోయింది. ముంపు గ్రామం అనే మాట తెలిసిన మనకి ఆ ఫొటో కింద వివరణ అక్కర్లేదు. వాళ్ల కోసం ఏ జడ్జీ రోజుకి ఐదు లక్షల డాలర్లు అనలేదు. దానికి పిట్ట మీద కోపం తెచ్చుకోవడం తప్పు, ఆ డ్యామ్ అది అడిగింది కాదు.

2021లో లీస్ట్ టెర్న్‌ని జాబితా నుంచి తీసేశారు, సంఖ్య పెరిగిందని. ప్లవర్ ఇంకా జాబితాలోనే ఉంది. ఎల్బోవుడ్స్‌ని ముంచిన ఆ జలాశయం ఒడ్డున, నీళ్లు తగ్గి ఇసుక బయటపడ్డ ఏళ్లలో, అది గుడ్లు పెడుతుంది. నీళ్లు పెంచితే అవీ మునుగుతాయి.