విచారించువాని కన్నీరు

ధ్యాన భాగము: ఆదికాండము 42 మొదలు 45 వరకు



ఒకప్పుడు మన గోదావరి జిల్లాలలోని అద్దె పుస్తకముల దుకాణములలో డిటెక్టివు నవలలు విశేషముగా చెల్లెడివి. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును, అతని సహాయకుడు రాజును ఎరుగని చదువరులు అరుదు. అట్టి కథలు చదువునప్పుడు మన చూపంతయు దోషిమీదనే యుండును. పట్టుకొనువాని గుండెలో ఏమున్నదో మనము అడుగము.

తరువాతి రచయితలు అదియు అడిగిరి. 1987లో స్కాట్లాండు రచయిత ఇయాన్ రాంకిన్ వ్రాసిన నవలలో రీబస్ అను పోలీసు అధికారి ఎడింబరో నగరములోని నేరములను శోధించుచు, తుదకు పూర్వము సైన్యములో తనకు తగిలిన గాయమునొద్దకే వచ్చి చేరును.

అట్టి పరిశోధకుడు మన వేదగ్రంథములోను ఉన్నాడు. అతడే యోసేపు. పదునేడేండ్ల ప్రాయమున అన్నలు అతనిని అమ్మివేసిరి. ఇరువది యేండ్లు దాటిన పిమ్మట వారే ధాన్యము కొరకు వచ్చి అతని యెదుట సాగిలపడిరి. అతడు వారిని గుర్తుపట్టెను, వారు అతనిని గుర్తింపలేదు. వేగులవారని నిలదీసెను, మూడు దినములు కావలిలో ఉంచెను. దుబాసి మధ్యనుండుటచేత తమ మాట ఇతనికి తెలియదనుకొని వారు పాత పాపమును తమలో తాము ఒప్పుకొనిరి. అది విని యోసేపు ఏమి చేసెను? ప్రక్కకు పోయి ఏడ్చెను. దేవుడు తన బాధను మరపించెనని పెద్దకుమారునికి మనష్షే అని పేరు పెట్టినవాడే ఏడ్చెను. పేరు పెట్టినంతమాత్రాన గాయము మానునా?

తుదకు బెన్యామీనుకు బదులు తాను దాసుడనగుదునని యూదా ముందుకు వచ్చెను. అప్పుడు యోసేపు అక్కడ నిలిచిన పరులందరిని వెలుపలికి పంపెను. నవలలో డిటెక్టివు అందరిని ఒక గదిలో చేర్చి దోషిని చూపును. యోసేపు అందరిని పంపివేసి తన్ను తానే తెలియజేసికొనెను.

ప్రియులారా, మన సంఘములో ఒకని అప్పో, త్రాగుడో బయటపడగానే మనమేమి చేయుచున్నాము? సాయంకాలమునకు అది రచ్చబండ ఎక్కును. పట్టుకొనుటలో మనకెంత చురుకు! ఆ చురుకు వెనుక మానని మన గాయమేదైన ఉన్నదేమో చూచుకొందము. బలహీనునికి జరిగిన అన్యాయమును కప్పిపుచ్చవలెనని దీని భావము కాదు. బెన్యామీను విషయములో అన్నల మనస్సు తేటపడువరకు యోసేపు శోధన మానలేదు.

వేసవిలో ధవళేశ్వరమునుండి నీరు ఆపి కాలువలు కట్టినప్పుడు అడుగుననున్న పూడికయంతయు కనబడును. గట్టున నిలిచి నవ్వుటకు ఎవరును కాలువ కట్టరు. పూడిక తీసి, గట్లు బాగుచేసి, మరల చేలకు నీరు విడుచుటకే కట్టుదురు. సహోదరుని తప్పు మన చేత చిక్కిన దినమున, చూడవచ్చినవారిని ముందు వెలుపలికి పంపుదము. పిమ్మట తలుపు మూసి అతనితో కూర్చుందము. ప్రభువు మనకట్టి హృదయము దయచేయును గాక. ఆమేన్.