పెరిగే ఊళ్లో ముందు ఎవరికి?

పట్టణం పెరగడం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, మంచిదేనని తడుముకోకుండా చెబుతాను. పట్టణం పల్లెను మింగుతున్నదని కన్నీరు పెట్టుకునే సాహిత్యానికి మనకు కొదవ లేదు. ఆ కన్నీటిలో నిజాయితీ వుండవచ్చు గాని విచక్షణ తక్కువ. పోతున్న ఆ పల్లెలో ఊరి బావి ఒకటీ, వాడ బావి మరొకటీ వుండేవన్న సంగతి ఆ రచయితలకు గుర్తురాదు. గుర్రం జాషువా 1895లో పుట్టింది ఈ వినుకొండలోనే. ఆయన 1941 నాటి కావ్యంలో కథానాయకుడు తన గోడు శివుడికి చెప్పుకోవడానికి గబ్బిలాన్ని ఎందుకు పంపవలసి వచ్చింది? గుడిలోకి గబ్బిలానికున్న ప్రవేశం అతనికి లేదు గనుక. ఇది తెలిసినవాడెవడూ పాత ఊరిని తిరిగి తెచ్చుకుందామనడు.

అయితే పెరగడం మంచిదన్నంత మాత్రాన ప్రశ్న తీరలేదు. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఊరు పెరిగినంత తొందరగా గొట్టాలూ, మురుగు కాలవలూ, రోడ్లూ పెరగవు. సరిపోనప్పుడు ఎవరికి ముందు, ఎవరు ఆగాలి? దీన్ని ఇంజనీర్లకు వదిలెయ్యవలసిన లెక్కగా చూడడం మనకు అలవాటయింది. లెక్క కాదు, ఇది న్యాయాన్యాయాల ప్రశ్న అని నా వాదన.

గుంటూరు-కర్నూలు రోడ్డు మీదా, గుంటూరు-గుంతకల్లు రైలు మార్గం మీదా వున్న ఊరు మాది. 2011 జనాభా లెక్కల నాటికే 60 వేల ప్రాంతం. బొల్లాపల్లి, ఈపూరు, నూజెండ్ల వైపు నుంచి పిల్లల చదువుల కోసం, వైద్యం కోసం, కూలి కోసం జనం వచ్చి స్థిరపడుతూనే వున్నారు. పాత మిద్దెలు పడగొట్టి అంతస్తులు లేపుతున్నారు. తాగునీటికి మాత్రం ఆధారం మారలేదు. సాగర్ కుడికాలవ వదిలినప్పుడు సింగర చెరువు నింపుకోవడం, కాలవ కట్టేసినప్పుడు ఆ నిలవతో నెట్టుకురావడం. బోరు వేసుకుందామంటే ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఫ్లోరైడు నీళ్లు. కనుక డబ్బున్నవాడూ లేనివాడూ కూడా ఇరవై లీటర్ల డబ్బా కొంటున్నారు. కొనడం ఇద్దరికీ ఒకటే. ఆ ఖర్చు ఒకడికి లెక్కలోకి రాదు, మరొకడికి కూలిలో కోత.

ఇప్పుడు కుళాయి సంగతి చూద్దాం. ఇది వినుకొండ వింత కాదు, ఆంధ్రదేశంలో ఏ పట్టణంలోనైనా కనబడేదే. వీధి మొదట్లో ఇల్లున్న గృహస్థు తన కుళాయికి మోటారు బిగిస్తాడు. గొట్టంలో వత్తిడి తగ్గుతుంది. పక్కింటాయనకు ధార సన్నబడుతుంది. ఆయన దుర్మార్గుడేమీ కాడు, ఇంట్లో ముసలి తల్లి వున్నది, నీళ్లు కావాలి. ఆయనా మోటారు బిగిస్తాడు. ఆ పక్కవాడూ అంతే. చివరికి వీధి కొసన, మోటారు కొనలేని ఇంట్లో కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. ఈ గాలికి దోషి ఎవడు? ఒక్కొక్కణ్ణీ విడిగా నిలబెట్టి అడిగితే ఒక్కొక్కడి దగ్గరా సమాధానం వున్నది. అందరూ నిర్దోషులే, అన్యాయం మాత్రం జరిగింది. వ్యక్తి శీలం మెరుగుపడితే సమాజం బాగుపడుతుందని ఉపన్యసించే పెద్దలు ఒకసారి ఈ మోటారు దగ్గరికి వచ్చి తమ సిద్ధాంతాన్ని పరీక్షించుకుంటే బాగుండును.

సరే, ఎవరికి ముందు? వినబడే సమాధానం ఒకటి: ముందొచ్చినవాడికి ముందు. నిన్న మొన్న వచ్చినవాళ్ల వల్లనే ఈ కరువంతా అని పాత కాపులు గొణుగుతూ వుంటారు. ఈ సూత్రాన్ని నిజంగా పాటించి వుంటే, తరతరాలుగా ఇక్కడే వున్న వాడలకు మొదటి కుళాయి పడవలసింది గదా! ఎక్కడ పడింది? కనుక దీన్ని గురించి ఇంతకంటే చెప్పనక్కర లేదు.

రెండో సమాధానం బలమైనది, కనుక ప్రమాదకరమైనది కూడా. ఎక్కువ చెల్లించేవాడికి, ఎక్కువ పెట్టుబడి తెచ్చేవాడికి ముందు. వాడి వల్ల ఊరు పెరుగుతుంది, ఊరు పెరిగితే అందరికీ దక్కుతుంది. ఈ మాట ఎంత దూరం తీసుకుపోతుందో తెలుసుకోవడానికి కరిబియన్ సముద్రంలోని బార్బుడా ద్వీపాన్ని చూడాలి. 1834లో బానిసత్వం రద్దయిన తరువాత అక్కడి నల్లజాతివారు భూమిని పంచుకోలేదు, ఉమ్మడిగా అనుభవించారు. 2007లో ఆ ఆచారం చట్టమయింది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను ద్వీపాన్ని తుడిచిపెట్టింది. ఇళ్లలో అత్యధిక భాగం దెబ్బతిన్నది. రెండు వేలకు లోపు వున్న జనాన్ని అందరినీ పక్కనున్న ఆంటిగ్వాకు తరలించారు. జనం అక్కడ వుండగానే ఇక్కడ కొత్త విమానాశ్రయానికి నేల చదును చేయడం మొదలయింది. ఇళ్లు పోయినవాళ్లకు విమానాశ్రయంతో ఏం పని? రాబోయే విహార భవనాల యజమానులకు వున్నది పని. వెంటనే ఉమ్మడి భూమి చట్టానికి సవరణలు కూడా వచ్చినవి. పునర్నిర్మాణానికి డబ్బు కావాలి, డబ్బు రావాలంటే భూమి వ్యక్తుల పేర కావాలి—ఇదీ తర్కం. 2022లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, ఆ ఉమ్మడి హక్కు రాజ్యాంగం కాపాడే ఆస్తి కిందికి రాదని తీర్పు చెప్పింది. విమానాశ్రయాన్ని ప్రశ్నించే అర్హత ద్వీపవాసులకు వున్నదని అదే న్యాయస్థానం 2024లో అంగీకరించింది. అప్పటికి పునాదులు వేసి ఎన్నేళ్లయింది!

దూరపు ద్వీపం గోల మనకెందుకంటారేమో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు నగరమంతా ఒకేసారి చీకటైపోయింది. దీపాలు మాత్రం ఒకేసారి వెలగలేదు. తుపానుకు వర్గదృష్టి లేదు, మరమ్మతుకు వున్నది. విధ్వంసాన్ని ప్రకృతి మీదికి నెట్టవచ్చు గాని, దేన్ని ముందు లేపాలన్న క్రమాన్ని ఎవరి మీదికి నెట్టగలం?

ఎంగెల్స్ 1872లో గృహసమస్య మీద రాసిన వ్యాసాల్లో ఈ క్రమం గుట్టు విప్పాడు. పెట్టుబడిదారీ వర్గం మురికివాడల సమస్యను పరిష్కరించదు, దాన్ని మరో చోటికి జరుపుతుందని ఆయన వాదన. ఊరి నడుమ వెడల్పాటి రోడ్డు పడుతుంది, గుడిసెలు శివారుకు పోతాయి, శివారులో గొట్టం వుండదు. నూట యాభై ఏళ్లు దాటినా ఈ పద్ధతికి కొత్త పేర్లు వచ్చినవి గాని కొత్త ప్రాణం రాలేదు.

మూడో సమాధానం మనవాళ్లది. ఉన్నదాన్ని పంచుకోవడం గురించి తగువెందుకు, ఉత్పత్తి పెంచండి, సాధనాలు పెంచండి, అందరికీ సరిపోతుంది—అని. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసినప్పుడు, 1967లో కాలవలకు నీళ్లు వదిలినప్పుడు పల్నాటి జొన్నచేలు ఏమవుతాయో కలగన్నవాళ్ల కల వట్టిది కాలేదు. మాగాణి వచ్చింది, అన్నం వచ్చింది. కాని జలాశయానికి అంత దగ్గరలోనే వున్న బొల్లాపల్లి మెట్టకు ఆ నీరు ఎక్కలేదు. కాలవ పల్లానికి పోతుంది, మెట్టకు ఎత్తిపోయాలి. వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది, సాగర్ కాలవలు పారిన యాభై ఆరేళ్లకు. శంకుస్థాపన మాత్రమే సుమా. ఎక్కువ నీరు తెచ్చినంత మాత్రాన ఎవరికి ముందు అన్న ప్రశ్న రద్దు కాదని దీన్ని బట్టి తెలియడం లేదా? పైగా పెద్ద నిర్మాణం పూర్తయ్యేదాకా ఎవరో ఒకరు ఆగి తీరాలి. ఆగేవాళ్లు ప్రతిసారీ వాళ్లే కావడం యాదృచ్ఛికం కాదు.

నా సమాధానం ఇది. హక్కు ముందు రావడం వల్ల రాదు, చెల్లించడం వల్ల రాదు. ఏ వస్తువు లేకపోతే ఎవడికి మరో దారి లేదో, ఆ వస్తువు మీద మొదటి హక్కు వాడిది. ట్యాంకరు తెప్పించుకోగలవాడికి కుళాయి ఒక సౌకర్యం. తెప్పించుకోలేనివాడికి అదే ఆధారం. సాగర్ ఆయకట్టు రైతుకు ఈ మాట కొత్తగా చెప్పనక్కర లేదు. కాలవ పారుతున్నదో లేదో చివరి భూముల దగ్గర నిలబడి చూడాలని అతనికి తెలుసు. ఊరికీ అదే కొలత. కొస కుళాయికి నీరందనంత కాలం కొత్త అంతస్తులకు అనుమతి ఇవ్వకూడదు. ఇస్తే, ఆ కొసదాకా గొట్టం వేసే ఖర్చు కట్టించేవాడి దగ్గర ముందుగా వసూలు చెయ్యాలి.

దీనికి ఒక ఆక్షేపణ వున్నది, అది నన్ను ఇప్పటికీ వదలడం లేదు. అంతస్తులు ఆగిపోతే ముందు పస్తుండేది తాపీ మేస్త్రీ, ఇసుక మోసే ఆడమనిషి. కొస ఇంట్లో కాపురముండేది కూడా వాళ్లే. పగలు వాళ్లు కట్టే మేడే సాయంత్రం వాళ్ల కుళాయిలో నీరు పీల్చేస్తున్నది. వాళ్లకు కూలీ కావాలి, నీళ్లూ కావాలి. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటున్న ఏర్పాటు ఎవరిది? అనుమతి ఆపడం కంటే ముందుగా వసూలు చెయ్యడమే నాకు నచ్చడానికి కారణం ఇదే. గొట్టం వెయ్యడమూ కూలిపనే గదా. కట్టించేవాడు వెనక్కు పోతాడని బెదిరిస్తారు. కొందరు పోతారు కూడా. ఆ నష్టాన్ని లేదనను.

తీర్మానం చేస్తే సరిపోతుందనీ నేను అనడం లేదు. మహద్ పురపాలక సంఘం చవుదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు 1924లోనే తీర్మానించింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేల జనంతో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ తీర్మానం కాగితం మీదే వున్నది. తరువాత దెబ్బలాటలు, దావాలు. హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937.

మా ఊళ్లోనైనా, మరే ఊళ్లోనైనా, ఏ వీధికి ఎంతసేపు నీరు వదులుతున్నారో ఖచ్చితంగా తెలిసిన మనిషి ఒకడున్నాడు: తెల్లవారుజామున సైకిలు మీద వచ్చి వాల్వు తిప్పే కార్మికుడు. ఏ పెద్దమనిషి ఫోను చేస్తే ఏ వాల్వు మరో పావుగంట తెరిచి వుంటుందో కూడా అతనికి తెలుసు. పేదవీధుల సంఘాలు ముందు అతనితో మాట్లాడాలి. వారం రోజులు, వీధివారీగా, గంటలు నిమిషాలతో ఒక పట్టిక రాసి పురపాలక సంఘం గోడ మీద అంటించాలి. ఎండలు ముదరకముందే ఆ పని మొదలుపెట్టాలి.