సాబ్‌కీ సాయిబుకీ మధ్య

తెలుగులో ముక్కూ మొహం తెలియని మనిషిని పిలవాలంటే ముందు వరస కలుపుతాం. బస్సులో పక్కకు జరగమనాలన్నా, దారి అడగాలన్నా ‘అన్నా’, ‘అక్కా’, ‘అమ్మా’, ‘పెద్దాయనా’. ఉర్దూలోనూ అంతే. ‘భాయ్’, ‘ఆపా’, ‘చాచా’, ‘ఖాలా’. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, నిన్ను మా ఇంటి మనిషిగానే చూస్తానని ఒక్క మాటలో చెప్పే ఏర్పాటిది. మరి గడ్డమో, టోపీయో, బుర్ఖాయో కనబడగానే ఈ వరస ఎందుకు తెగిపోతుంది? పక్క సీటాయన ‘అన్నా’ అయినప్పుడు నేను ‘సాయిబూ’ ఎందుకవుతాను? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ తెలియని మనిషిని ఏమని పిలవాలో నిర్ణయించే హక్కు పిలిచేవాడిదా, పలికేవాడిదా అన్న పెద్ద ప్రశ్న దీని వెనక ఉంది.

ఈ మాట ఎత్తగానే మిత్రులు చెప్పే జవాబొకటుంది. ‘సాయిబు అంటే గౌరవంగా అనే మాటే కదా, అందులో తప్పేముంది?’ అని. నిజమే. సాహిబ్ అరబీ మాట. తోడుండేవాడు, యజమాని అని అర్థం. ప్రవక్త సహచరుల్ని సహాబా అంటామే, ఆ మాట పుట్టిందీ ఈ ధాతువు నుంచే. కానీ మాట విలువ నిఘంటువులో ఉండదు, వాడకంలో ఉంటుంది. హైదరాబాద్‌లో రెడ్డి సాబ్ ఉంటాడు, శర్మ సాబ్ ఉంటాడు, డాక్టర్ సాబ్, డ్రైవర్ సాబ్ ఉంటారు. అక్కడ సాబ్‌కు మతం లేదు. పేరు వెనకో, పని వెనకో నిలబడి మనిషిని ఒక మెట్టు ఎక్కిస్తుంది. అదే మాట తెలుగు నోట సాయిబు అయ్యేసరికి పేరును తోసేసి దాని పీట మీద తాను కూర్చుంటుంది. ఏ రెడ్డినీ, ఏ శర్మనీ ఎవరూ ‘సాయిబూ’ అనరు. పేరు వెనక సాబ్ మర్యాద. పేరు స్థానంలో సాయిబు కులం. ‘గారు’ చేర్చినా కులానికి మర్యాద చేసినట్టే తప్ప మనిషికి కాదు. ‘భాయ్’ గతీ అంతే. అన్న అని అర్థమున్న మాట, అన్నదమ్ముల్లోంచి నన్ను వేరుచేసే మాటయింది. సినిమాలు దాని చేతికి కత్తీ తుపాకీ కూడా ఇచ్చాయి.

పిలుపు మారితే మారేది పిలుపొక్కటే కాదు. ఫోన్‌లో ‘రండి సార్, ఇల్లు చూసుకోండి’ అన్న ఇంటాయనే గుమ్మంలో ‘మీరు సాయిబులా?’ అంటాడు. ఆ ప్రశ్న తర్వాత ఆ ఇల్లు ఎప్పుడూ అప్పుడే ఎవరికో ఇచ్చేసి ఉంటుంది.

సర్కారు పిలుపు చూడండి. ముస్లింలలో వెనకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టం జాబితాలో ‘తురక కాశ’ అన్న పేరుంది. రోళ్ళకూ తిరగళ్ళకూ కక్కు కొట్టేవాళ్ళను ఊరు ఏమని పిలిచిందో చట్టమూ అదే రాసుకుంది. టర్కీ ఎటుందో తెలియని ఈ మట్టి మనుషులు తమ హక్కు కోసం ఆఫీసుకు వెళ్ళి, తురక అన్న పేరుకు పలికి, దానికి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

మావాళ్ళేమన్నా కడిగిన ముత్యాలా? దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన వాళ్ళ వృత్తి పేరు ‘పింజారి’. తెలుగులో అది తిట్టయి కూర్చుంది. ఆ తిట్టు ఆపడానికి మా సయ్యద్‌లూ పఠాన్‌లూ ఎంత పాటుపడ్డారు? ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల మనిషి సలాం చెబితే, బదులిచ్చే ముందు అతని ఉర్దూను తూచేవాళ్ళు మాలో ఇంకా ఉన్నారు. ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దని ఖురాన్‌లో హుజురాత్ సూరా 11వ ఆయత్ నిషేధించింది. ఆ ఆయత్ మొదలయ్యేదే విశ్వాసులను ఉద్దేశించి. అంటే ముందు మాకే చెప్పింది.

పిలిచేవాడి మనసు మంచిదైతే చాలదా అంటారు. చాలదు. 1933లో ‘హరిజన్’ పత్రిక పెట్టిన గాంధీ మనసులో చెడు లేదు. అయినా ఆ పేరు మోయాల్సినవాళ్ళు మాకొద్దన్నారు, మేం దళితులమన్నారు. దయతో పెట్టినా పేరు పెట్టినవాడిదే పైచేయి. నీకేది ఇష్టమో ఎదుటివాడికీ అదే చెయ్యమన్న నీతి కూడా ఇక్కడ సగం దూరమే వస్తుంది. నాకు ‘మీరు’ అంటే ఇష్టం. మా వీధి ఆటో కుర్రాడిని నేను ‘మీరు’ అంటే వెక్కిరిస్తున్నాననుకుంటాడు. అతనికేది ఇష్టమో నా మనసును అడిగితే తెలియదు, అతన్నే అడగాలి.

‘సాయిబుగారూ’ అంటేనే తృప్తిగా పలికే పెద్దలు పల్లెల్లో ఉన్నారు. వాళ్ళ దగ్గర్నుంచి ఆ మాట లాక్కోమని నేననను. ఆ పిలుపు వెనక పొలం గట్ల మీద, పీర్ల పండగల్లో కలిసి గడిపిన ఏళ్ళున్నాయి. పిలిచేవాడికి ఆ మనిషి తెలుసు. దారిన పోయే అపరిచితుడికి తెలిసింది నా టోపీ మాత్రమే. ఒకే మాట ఒకరి నోట చనువు, మరొకరి నోట ముద్ర.

పేరు వింటే మతం తెలిసిపోతుందన్న ధీమా కూడా ఈ నేల మీద చెల్లదు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న నల్లగొండ హిందువుల ఇళ్ళలో సైదులున్నారు. అన్నారం షరీఫ్ మొక్కుతో వరంగల్ ఇళ్ళలో యాకయ్యలూ యాకమ్మలూ ఉన్నారు. పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు మన తాతలకు అడ్డురాని గోడ, పిలిచేటప్పుడు మనకెందుకు అడ్డొస్తోంది?

మేం అడిగేది ప్రత్యేక మర్యాద కాదు. అందరితో ఎక్కడ మొదలుపెడతారో మాతోనూ అక్కడే మొదలుపెట్టండి. ‘అన్నా’ అనండి, ‘అమ్మా’ అనండి. ‘మీరేమిట్లు?’ అని కాదు, ‘మీ పేరేమిటి?’ అని అడగండి. చెబుతాం. ఆ తర్వాత వరస కలవడమో, కలవకపోవడమో మన ఇద్దరి పని.