మంచు కురిసి గుమ్మం దాటలేని రోజు పూజ ఎలా?



చలికాలం వచ్చిందంటే అమెరికా, కెనడాల్లో ఉంటున్న మన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "గురువుగారూ, మంచు కురిసి మూడు రోజులుగా ఇంట్లోనే ఉండిపోయాం. ముక్కోటి ఏకాదశికి కూడా గుడికి వెళ్లలేకపోయాం. ఇంట్లో పువ్వుల్లేవు, కొబ్బరికాయ లేదు. ఇది దోషమా?"

దోషం కాదు నాన్నా. ముందు ఆ భయం తీసెయ్యండి.

2022 క్రిస్మస్ రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊరిని మంచు తుపాను ముంచేసింది. నాలుగు అడుగులకు పైగా మంచు పడింది. కార్లు బయటికి తీయొద్దని ఆంక్షలు పెట్టారు. అంబులెన్సులే దారిలో చిక్కుకుపోయాయి. 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అలాంటి రోజున "దేవుడి కోసం" అంటూ కారు తీయడం భక్తి అనిపించుకోదు. మిమ్మల్ని కాపాడటానికి ఇంకొకరు ప్రాణం పణంగా పెట్టాల్సి వస్తుంది కదా.

కదలకుండా ఒకచోట ఉండటం మన సంప్రదాయానికి కొత్తేం కాదు. ఏడాదంతా తిరిగే సన్యాసులు వానాకాలంలో చాతుర్మాస్య దీక్ష పట్టి ఒకే చోట ఉంటారు. దారులు బాగుండవు, నడిస్తే కాళ్ల కింద చిన్న చిన్న ప్రాణులు నలిగిపోతాయి. అందుకని ఆగిపోతారు. ఆ ఆగడాన్నే మన పెద్దలు వ్రతం చేశారు.

ఇక మంచు సంగతికొస్తే, బదరీనాథ్‌ను చూడండి. పదివేల అడుగులకు పైన ఉన్న క్షేత్రం. ఏటా చలికాలం మొదట్లో గుడి తలుపులు మూస్తే, మళ్లీ తెరిచేది వేసవిలోనే. దాదాపు ఆరు నెలలు! మరి ఆ ఆరు నెలలు పూజ ఆగిపోతుందా? ఆగదు. ఉద్ధవుడు, కుబేరుడి మూర్తులను కిందనున్న పాండుకేశ్వర్‌కు తీసుకెళ్తారు. ఆదిశంకరుల గద్దె జోషీమఠ్ నరసింహస్వామి ఆలయానికి చేరుతుంది. అక్కడ సేవలు సాగుతాయి. పైన గర్భగుడిలో నారద మహర్షి స్వామిని అర్చిస్తారని నమ్మకం.

తలుపులు మూసే ముందు అక్కడ రెండు పనులు చేస్తారు. ఒకటి, అఖండ దీపాన్ని సిద్ధం చేసి వెలిగించి ఉంచుతారు. రెండోది నాకు చాలా ఇష్టం. దగ్గర్లోని మాణా గ్రామపు ఆడపిల్లలు నేసిన ఉన్ని కంబళికి నెయ్యి పూసి స్వామికి కప్పుతారు. లోకాన్ని కాపాడే నారాయణుడికి చలేంటి అని వాళ్లు అడగలేదు. మనకు చలేస్తోంది, ఆయనకూ వేస్తుంది అనుకున్నారు. వేసవిలో తలుపులు తెరిచాక ఆ కంబళినే భక్తులకు ప్రసాదంగా పంచుతారు.

మంచులో చిక్కుకున్న మీ ఇంట్లోనూ ఈ రెండూ చేయొచ్చు.

మొదటిది దీపం. రోజూ ఒకే వేళకి, ఒకే చోట కూర్చోండి. చిన్న దీపం చాలు, అది వెలుగుతున్నంతసేపూ దగ్గరే ఉండండి. పువ్వు లేకపోతే నీళ్లు పెట్టండి. ఆకో, పువ్వో, పండో, నీళ్లో ప్రేమతో ఇస్తే తీసుకుంటానని గీత తొమ్మిదో అధ్యాయంలో స్వామే చెప్పారు. నీళ్లు లేని ఇల్లుండదు కదా! ఇంకా ఓపికుంటే కళ్లు మూసుకుని మానసిక పూజ చేయండి. అభిషేకం, అలంకారం, నైవేద్యం అన్నీ మనసులోనే. అన్నట్టు, కరెంటు పోయిందని బొగ్గుల కుంపటి, జనరేటర్ లాంటివి మాత్రం ఇంట్లో పెట్టకండి. వాటి నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

రెండోది కంబళి. దీన్నే మనం మర్చిపోతాం. సెలవు దొరికిందని దుప్పటి కప్పుకుని ఫోన్ చూస్తూ మూడు రోజులు గడిపేస్తాం. పక్కింట్లో ఒంటరిగా ఉన్న ముసలాయన ఇంట్లో హీటర్ పనిచేస్తోందా? మందులు ఉన్నాయా? మొన్ననే చదువుకోవడానికి వచ్చిన ఆ అమ్మాయి ఏమైనా తిందా? ఒక్క ఫోన్ చేయండి. తుపాను తగ్గాక, మీ ఒంట్లో ఓపికుంటే, ఆ పెద్దాయన గుమ్మం ముందు మంచు మీరే తీయండి. బరువైన మంచు ఎత్తడం పెద్ద వయసువాళ్ల గుండెకు ప్రమాదం. మీరు పార పట్టిన ఆ పావుగంట కూడా కైంకర్యమే.

రాతి విగ్రహంలో ఉన్న నారాయణుడికి చలేస్తుందని ఆ కొండ పల్లె పిల్లలకు తట్టింది. పక్క తలుపు వెనకున్న నారాయణుడి చలి మనకు తట్టకపోతే ఎన్ని గుళ్లు తిరిగి ఏం లాభం, చెప్పండి?

ఈసారి మంచు హెచ్చరిక రాగానే పాలు, బియ్యం, మందులతో పాటు ఒత్తులు కూడా చూసుకోండి. ఎవరెవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ బదరీనారాయణుడు మిమ్మల్నందరినీ చల్లగా... కాదు కాదు, ఈ కాలంలో వెచ్చగా చూడాలి!

శుభం భూయాత్.